రాయని అంకె

జనవరి 9, గురువారం

ఈ నోటుపుస్తకం కొని రెండేళ్ళయింది. ఇవాళ మొదలుపెడుతున్నాను. తెలుగులో రాస్తే ల్యాబులో నా పైఅధికారి వరప్రసాద్ సార్‌కు తప్ప ఎవరికీ చదవరాదు. ఇంట్లో బాపుకు చదవొచ్చు గాని, ఆయన నా సంచి ముట్టడు.

పొద్దున ఏడింటికి ప్లాంటులో నాలుగో నంబరు డ్యాంపర్ విరిగింది. కొలిమి పొగ పోయే పెద్ద గొట్టంలో తెరుచుకుని మూసుకునే స్టీలు తలుపు అది. అలాంటివి మొత్తం ఆరున్నాయి. ఏడేళ్ళుగా నాలుగు వందల డెబ్బై డిగ్రీల వేడిలో పని చేస్తున్నాయి. మరమ్మతుల కోసం ప్లాంటు ఆపిన షట్‌డౌన్ కదా, బేరింగులు మార్చడానికి విప్పుతున్నారు. తలుపు ఇరుసుకు పట్టేసి రాకపోతే ఎప్పటిలాగే సుత్తితో కొట్టారట. మూడో దెబ్బకు పలక రెండు ముక్కలై, ఒక ముక్క ఫిట్టర్ కుడిచేతి మీద పడింది.

అతని పేరు ముత్యం. కాంట్రాక్టు మీద వస్తాడు. మనవాళ్ళే, సిరిసిల్ల వైపు. ఈ ఊరికి ఆ చివర, ఉన్ అనే బస్తీలో ఉంటాడట.

మధ్యాహ్నం విరిగిన ముక్క ల్యాబుకు వచ్చింది. అంచు చూశాను. ఎక్కడా వంగలేదు. పటికబెల్లం విరిచినట్టు, సన్నటి మెరిసే ముఖాలు. మంచి స్టీలు విరిగేముందు కొంతైనా సాగుతుంది. ఇది సాగలేదు.

పోయిన ఫిబ్రవరిలో ఇదే డ్యాంపర్ మూల నుంచి చిన్న ముక్క కోసి మాకు పంపారు, ఇంకెన్నాళ్ళు పనికొస్తుందో చెప్పమని. రిపోర్టు నేనే రాశాను. "లోహ నిర్మాణం మామూలుగా ఉంది. వాడకం కొనసాగించవచ్చు." కింద సుప్రజ అని నా సంతకం. దాని కింద వరప్రసాద్ సార్‌ది.

జనవరి 10

మూడు వేళ్ళు తీసేశారట.

జనవరి 11, శనివారం

ఆ రిపోర్టు మళ్ళీ తీసి చదివాను. అందులో అబద్ధమేమీ లేదు. మైక్రోస్కోపులో రేణువులు శుభ్రంగా ఉన్నాయి. ఫోటో కూడా జత చేశాను. ఇవాళ అదే ఫోటో ఎవరికి చూపించినా మామూలుగా ఉందనే అంటారు.

కాఠిన్యం గడిలో "నమోదు చేయలేదు" అని ఉంది. కొలిచే యంత్రాన్ని సరిచూసే కాలిబ్రేషన్ గడువు అప్పటికి పదకొండు రోజులు దాటిపోయింది. గడువు దాటిన యంత్రం అంకె రిపోర్టులో రాయకూడదు. అది నియమం. నేను పెట్టిన నియమం కాదు.

ఎవరైనా అడిగితే ఇదే చెప్తాను. గడువు దాటింది.

జనవరి 12, ఆదివారం

మేముండే గోడాదరా పేటలో వార్త నాకన్నా ముందే తిరుగుతోంది. పొద్దున చాయ్ తాగుతుంటే బాపు అడిగాడు.

"మీ కంపెనీల చెయ్యి పోయింది ముత్యందేనా?"

"నీకు తెలుసా బాపూ?"

"ఎందుకు తెల్వది? ఉన్‌కు పోకముందు మన వెనక గల్లీలనే ఉండేటోడు. నీకు యాదికి లేదా? నేను నడిపే మగ్గం మోటరు చెడిపోతే పైసలు గూడ తీస్కోకుండ బాగుచేసి పోయిండు." బాపు గ్లాసు కింద పెట్టాడు. "కొట్టరాక కొట్టిండంటున్నరు. నేను నమ్మ. ముత్యం ఆగమాగం చేసేటోడు గాదు."

బాపు ముప్పై రెండేళ్ళు మగ్గాల కార్ఖానాలో నిలబడి పని చేశాడు. చప్పుడుకు చెవులు పోయాయి. ఎడమ చెవి వైపు కూర్చుని గట్టిగా మాట్లాడాలి.

"స్టీలు గంత మందం ఉంటది గదా. పటుక్కున ఎట్ల ఇరుగుతది బిడ్డా?"

చెప్పాను. ఆ స్టీలులో ఇనుముతో పాటు నూటికి పదిహేడు పాళ్ళు క్రోమియం ఉంటుందని, మొదట రెండూ కలగలిసి ఉంటాయని, ఆ వేడిలో ఏళ్ళ తరబడి ఉంచితే లోపల్లోపల ఇనుము ఒక దిక్కు, క్రోమియం ఒక దిక్కు జరుగుతాయని, అప్పుడు స్టీలు గట్టిపడుతుందిగాని పెళుసైపోతుందని. పోయినేడు దాని ముక్క ఒకటి మా ల్యాబుకు వచ్చిందని కూడా.

"ఆ జరిగింది కండ్లకు కనబడుతదా?"

"కనబడదు. మా మైక్రోస్కోపులో కూడా కనబడదు."

"మరెట్ల తెలుస్తది?"

"గట్టిదనం కొలిస్తే తెలుస్తది. మామూలుగా నూట అరవై ఉండాలె. రెండు వందల యాభై దాటిందంటే అనుమానపడాలె."

బాపు కొంచెంసేపు ఆలోచించాడు. "పోయినేడు ఆ ముక్క మీ తానికి వచ్చిందన్నవు గదా. అప్పుడు కొలవలేదా?"

యంత్రం బాగాలేదు, కొలవలేదన్నాను. గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆయనకు మొదటిసారి వినపడలేదు.

జనవరి 13

కొలిచాను.

జనవరి 14, మంగళవారం

ఉత్తరాయణ్, ఇక్కడి సంక్రాంతి. సెలవు. మేడల మీద జనం, స్పీకర్లు, పతంగులు. అమ్మ కూడా పక్కింటివాళ్ళతో పైకి వెళ్ళింది. నేను తలుపు వేసుకుని రాస్తున్నాను.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ.

పోయిన ఫిబ్రవరిలో ఆ రోజు మైక్రోస్కోపు పని అయ్యాక అలవాటుగా కాఠిన్యం కొలిచాను. 258 వచ్చింది. తప్పనుకుని పక్కన ఇంకో చోట కొలిచాను. 255. యంత్రానికి అంటించిన చీటీ చూస్తే గడువు దాటింది. పెద్ద బరువు దిగినట్టయింది నాకు. యంత్రానిదే తప్పన్నమాట.

అయితే అక్కడితో ఆగలేదు. సొరుగులో తెలిసిన కాఠిన్యం ఉన్న ఉక్కు దిమ్మ ఉంటుంది, యంత్రం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి. దాన్ని తీసి కొలిచాను. దిమ్మ మీద రెండు వందలు అని చెక్కి ఉంది. యంత్రం 201 చూపించింది.

యంత్రం బాగానే ఉంది.

మూడు అంకెలూ రఫ్ రిజిస్టర్లో పెన్సిల్‌తో రాసుకున్నాను. రిపోర్టులో రాయలేదు.

ఎందుకు? దానికి ముందు నెలలో ఒక సరుకు ఆపేశాను. పైపుల వెల్డింగులో పగులు కనబడిందని నేను పట్టుబడితే తొమ్మిది రోజులు ఆపారు. బయటి ల్యాబుకు పంపితే అది పగులు కాదు, పాలిష్ గీత అని తేలింది. మీటింగులో ఎవరో "స్టాప్ మేడం" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత క్యాంటీన్లో, బస్సులో అదే పేరు. వరుసగా రెండో నెలలో మళ్ళీ నేనే లేచి "ఆరు డ్యాంపర్లు అనుమానంగా ఉన్నాయి, ప్లాంటు ఆపండి" అనడానికి నోరు రాలేదు.

గడువు దాటిన చీటీ దొరికింది. పట్టుకున్నాను.

జనవరి 15, బుధవారం

విరిగిన ముక్క మీద కొలిచాను. యంత్రానికి కొత్త చీటీ ఉంది. 261. 259. 263. 260.

దాంట్లోంచే ఐదు చిన్న కడ్డీలు కోయించి, గంటు పెట్టించి, రెండింటిని ఊగే సుత్తి యంత్రంలో పెట్టి కొట్టి, విరగడానికి ఎంత శక్తి పడుతుందో చూశాను. ఒకటి నాలుగు జూళ్ళకు విరిగింది, ఒకటి ఐదుకు. ముల్లు దాదాపు కదల్లేదు. చప్పుడు కూడా స్టీలు చప్పుడులా లేదు. సుద్దముక్క విరిచినట్టుంది.

కాలేజీలో నాకు ఈ పాఠం అంటే ఎంత ఇష్టమో. క్రోమియం తక్కువగా, నూటికి ఎనిమిదో తొమ్మిదో ఉన్నంతవరకూ దాని పరమాణువులు ఒకదానికొకటి దూరంగా సర్దుకుంటాయి. ప్రతిదాని చుట్టూ ఇనుమే ఉండేలా ఒక క్రమం. పది దాటాక గుణం తిరగబడుతుంది. క్రోమియం క్రోమియాన్నే వెతుక్కుంటుంది. మరీ వేడిలో అయితే విడిపోవు, చల్లగా ఉంటే కదల్లేవు. ఈ నాలుగు వందల డెబ్బై దగ్గరే రెండూ కుదురుతాయి. కదులుతాయి, విడిపోతాయి. గుంపులు నాలుగైదు నానోమీటర్లు. రెండు రకాల గుంపులకూ స్ఫటికం అమరిక ఒకటే. అందుకే మైక్రోస్కోపుకు అంతా ఒక్కటిగానే కనబడుతుంది.

పరీక్షలో దీని మీద నాలుగు పేజీలు రాశాను. ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి.

కాబట్టి తెలియక కాదు.

జనవరి 16, గురువారం

వరప్రసాద్ సార్ గదిలోకి వెళ్ళి తలుపు మూశాను. నాలుగో డ్యాంపర్ పెళుసుబారింది, మిగతా ఐదూ అదే స్టీలు, అదే వేడి, అన్నీ అలాగే ఉంటాయి అని చెప్పాను. ఆయన వెంటనే ఫోన్ తీసి ఆ ఐదింటి పని ఆపించారు. సోమవారం రెండో నంబరు విప్పాల్సి ఉందట.

తర్వాత రిజిస్టరు ఆయన ముందు పెట్టాను.

"ఏంటిది?"

"పోయిన ఫిబ్రవరి కొలత సార్. 258."

"రిపోర్టులో లేదే?"

"రాయలేదు."

"మెషీన్ గడువు దాటిందిగా అప్పుడు?"

"దాటింది. కానీ దిమ్మ మీద సరిగ్గానే చూపించింది. పక్కన రాసుంది చూడండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అప్పుడు నాకెందుకు చెప్పలేదమ్మా?"

నేను రిజిస్టరు మూశాను.

"సరే, విను. ఇప్పుడు మనకు కావాల్సిందేంటి? ఆ ఐదింటి మీద ఎవడూ సుత్తి ఎత్తకూడదు. అంతేనా? దానికి నీ కొత్త కొలతలు చాలు. పాత అంకె తవ్వితే ఆ ఐదూ ఇంకాస్త బాగైపోతాయా?"

"అవవు."

"మరింకేం. పెన్సిల్ రాత అది. రిపోర్టు కాదు. దాన్ని ఎవరూ అడగలేదు." గొంతు తగ్గించారు. "కింద నా సంతకం కూడా ఉంది సుప్రజా. నాకు రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలు."

ఆయన చెడ్డవాడు కాదు. నేను చేరిన కొత్తలో నమూనా ఎలా పాలిష్ చేయాలో నా చెయ్యి పట్టుకుని నేర్పింది ఆయనే. రాజమండ్రి నుంచి ఎప్పుడొచ్చినా మా ఇంటికి పూతరేకులు తెస్తారు.

ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది?

జనవరి 17, శుక్రవారం

రిపోర్టు ఇచ్చాను. పుస్తకాల్లో నాలుగు వందల డెబ్బై ఐదు డిగ్రీల పెళుసుదనం అనే లోపం ఇదేనని, కొలతలు, కడ్డీల ఫలితాలు, ఐదు డ్యాంపర్లు ముట్టవద్దని సిఫారసు. మంచి రిపోర్టు. సేఫ్టీ హెడ్ దేశాయ్ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. మీరు పట్టుకోకపోతే ఇంకో చెయ్యి పోయేదన్నాడు.

చేయాల్సింది చేశాను.

జనవరి 20, సోమవారం

మిగిలిన మూడు కడ్డీలను ల్యాబు కొలిమిలో ఆరు వందల డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, తీసి నీళ్ళలో వేశాను. విడిపోయిన క్రోమియం ఆ వేడికి మళ్ళీ ఇనుములో కలిసిపోతుంది. కాఠిన్యం 168కి దిగింది. సుత్తి యంత్రంలో నలభై ఒకటి, ముప్పై ఎనిమిది, నలభై నాలుగు జూళ్ళు. ఒక కడ్డీ పూర్తిగా విరగలేదు కూడా, వంగి వేలాడింది.

ఎంత సంతోషమో నాకు. ఐదు డ్యాంపర్లకూ వాటి చోటనే హీటర్లు చుట్టి ఆరు వందలకు వేడిచేసి, ఫ్యాన్లతో తొందరగా చల్లార్చవచ్చు. తర్వాత భయం లేకుండా విప్పవచ్చు. మళ్ళీ వాడడానికి మాత్రం కాదు. అదే వేడిలో పెడితే మళ్ళీ అదే కథ మొదలవుతుంది. కొత్తవి నికెల్ ఉన్న వేరే స్టీలుతో చేయించాలి. అది కూడా రాసిచ్చాను.

స్టీలుకు ఇంత సులభం.

జనవరి 21

చేయాల్సింది చేశాను.

జనవరి 24, శుక్రవారం

విచారణ కమిటీ ముసాయిదా వచ్చింది. ల్యాబు తరఫున నాకూ ఒక కాపీ. మూడో పేజీ:

"పలక పెళుసుబారిన మాట వాస్తవం. అయితే గత సంవత్సరపు పరీక్షలో అటువంటి సూచన ఏదీ నమోదు కానందున, ఈ లోపాన్ని ముందుగా తెలుసుకునే అవకాశం ఎవరికీ లేదు. ప్రమాదానికి తక్షణ కారణం, పలకను ఇరుసు నుంచి లాగే పరికరం వాడకుండా ఫిట్టర్ పెద్ద సుత్తితో అతిగా కొట్టడం. ఫిట్టర్ తన వాంగ్మూలంలో దీన్ని అంగీకరించాడు."

వాంగ్మూలం కాపీ జత చేశారు. కింద సంతకం వంకరగా, చిన్నపిల్లలు రాసినట్టుంది. ఎడమచేత్తో పెట్టాడు.

ఎవరికీ అవకాశం లేదు. నా రిపోర్టు చూసే అలా రాశారు.

జనవరి 25

అయినా కొట్టింది అతనే కదా. లాగే పరికరం వాడమని నియమం ఉంది కదా.

(సాయంత్రం) ఆ పరికరం రెండేళ్ళుగా స్టోరులో లేదట. కనుక్కున్నాను. నియమం ఉంది, పరికరం లేదు. అందరూ సుత్తే వాడతారు. మంచి స్టీలయితే ఆ దెబ్బకు చిన్న సొట్ట పడి ఊరుకునేది.

పై రెండు వాక్యాలు కొట్టేద్దామనుకున్నాను. ఉంచుతున్నాను.

జనవరి 26, ఆదివారం

బాపు ఉన్‌కు వెళ్ళి ముత్యాన్ని చూసి వచ్చాడు. రెండు బస్సులు మారి, చేతిలో బత్తాయిల సంచితో. తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే గడపలో కూర్చున్నాడు.

"ఏమన్నడు బాపూ?"

"ఏమంటడు. వచ్చినోళ్ళందరికి ఒక్కటే చెప్తుండు, నాదే తప్పు, నేనే జోరుగ కొట్టిన అని. ఇరవై రెండేండ్ల పని, ఒక్కనాడు తప్పు కాలే, ఆ పొద్దు ఏమైందో నా చేతికి అంటడు. ఆ లేని వేళ్ళ దిక్కు చూసుకుంట అంటడు." బాపు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు, నేనేదో అన్నాననుకుని. "పెండ్లాం గంగవ్వ గూడ గదే నమ్మింది. తొందరపడ్డవ్, తొందరపడ్డవ్ అని మొగని మీద ఒక్కటే అరుసుడు. కాంట్రాక్టరు గేట్ పాస్ గుంజుకున్నడట. వేరే పనికి గూడ పిలువరట."

చెప్పులు విప్పుతూ మళ్ళీ ఆయనే అన్నాడు.

"నువ్వు మొన్న చెప్పినవు గదా, లోపల్నే ఇనుము చెడిపోయిందని. ఆ సంగతి ముత్యానికి ఎవరన్న చెప్పిన్రా?"

"రిపోర్టు ఇచ్చిన."

"రిపోర్టు గాదు బిడ్డా. ముత్యానికి."

జనవరి 27

రిజిస్టరు ఇంటికి తెచ్చుకున్నాను. తేకూడదు. ఆ పేజీ చింపితే ఇంక ఏమీ ఉండదు. మళ్ళీ మళ్ళీ తీసి చూశాను. 258. 255. 201. పెన్సిల్ రాత ఇంత ముదురుగా ఉందేమిటి. ఆ రోజు బాగా నొక్కి రాసినట్టున్నాను.

జనవరి 28, మంగళవారం

చెప్పేశాను.

ముందు వరప్రసాద్ సార్ దగ్గరికే వెళ్ళాను. ఆయనకు తెలియకుండా చేయడం ఇష్టం లేదు.

"దేశాయ్ దగ్గరికి వెళ్తున్నాను సార్. రిజిస్టరుతో."

"ఆలోచించుకున్నావా?"

"పోయినేడు మీకు నేను చెప్పలేదని రాసిస్తాను. మీరు చూసింది నా రిపోర్టు ఒక్కటే. అది నిజం."

"ఇన్నాళ్ళ నీ పేరమ్మా." కోపంగా అనలేదు. జాలిగా అన్నారు. అది ఇంకా కష్టమనిపించింది.

"ఆ కాయితంలో ముత్యం పేరు రాశారు సార్. అక్కడ ఉండాల్సింది అతని పేరు కాదు."

ఆయన కిటికీ వైపు తిరిగారు. నేను లేచి వచ్చేశాను.

దేశాయ్ రిజిస్టరు పేజీ రెండుసార్లు చూశాడు. మొన్న మెచ్చుకున్న మనిషే. ఇప్పుడు "ఆప్‌కో పతా థా?" అన్నాడు. హిందీలో మూడు మాటలు, మీకు ముందే తెలుసా అని. అంకె కనబడింది, నమ్మడానికి భయపడ్డాను, అన్నాను. అదే రాసివ్వమన్నాడు. రాసిచ్చాను. ఒకటిన్నర పేజీ.

జనవరి 31, శుక్రవారం

రిపోర్టుల మీద సంతకం చేసే అధికారం తీసేశారు. ఆరు నెలలు. తర్వాత చూస్తారట. నా మీద విడిగా విచారణ కూడా ఉంటుంది. వరప్రసాద్ సార్‌ను కూడా సంజాయిషీ అడిగారు. మూడు రోజులుగా ఆయన నాతో మాట్లాడడం లేదు. ఇవాళ కారిడార్‌లో ఎదురైతే పక్కకు తప్పుకున్నారు.

ముసాయిదా మార్చారు. "ఫిట్టర్ తప్పిదం లేదు. ప్రమాదానికి కారణం పలక పెళుసుదనం. గత పరీక్షలో దీని సూచన లభించినా నివేదించబడలేదు." "నివేదించబడలేదు" అట. ఎవరు నివేదించలేదో ఆ వాక్యంలో లేదు.

రెండో నంబరు, మూడో నంబరు డ్యాంపర్లు వేడిచేసి విప్పారు. ఎవరికీ ఏమీ కాలేదు.

అమ్మ ఒకటే ఏడుపు, ఉద్యోగం పోతుందని. బాపుకు మొత్తం చెప్పాను. కొలవలేదని చెప్పింది అబద్ధమని కూడా. ఎడమ చెవి వైపు కూర్చుని, గట్టిగా. పక్కింటివాళ్ళకు కూడా వినబడి ఉంటుంది. అన్నం తినేటప్పుడు బాపు, "ఆదివారం ఉన్‌కు పో. నేను రాను. నువ్వొక్కదానివే పో," అన్నాడు.

ఫిబ్రవరి 2, ఆదివారం

వెళ్ళొచ్చాను.

ఒకటే గది. ముత్యం మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని. నలభై ఐదు ఉంటాయేమో, గడ్డం తెల్లబడింది. గంగవ్వ బియ్యం ఏరుతోంది. అంబదాస్ బిడ్డనని చెప్తే గంగవ్వ లేచి కుర్చీ వేసింది.

"మీ బాపు మొన్న వచ్చిండు," అన్నాడు ముత్యం. "నువ్వు గూడ అదే కంపెనీలనట గదా?"

"ల్యాబుల పని చేస్త."

వెంటనే అతను అడిగింది తన చెయ్యి గురించి కాదు. "మిగిలిన ఐదు తలుపులు ఎవరు ఇప్పుతున్నరు? పాతోళ్ళేనా? జర పైలం అని చెప్పు. అవి గూడ నాలుగో నంబరు లెక్కనే పట్టేసి ఉంటయి."

వేడిచేసి విప్పుతున్నారని, భయం లేదని చెప్పాను. ఎంత వేడి, ఎంతసేపు, హీటర్లు ఎక్కడెక్కడ చుట్టారు, అన్నీ అడిగాడు. నేను చెప్తుంటే తలూపుతూ విన్నాడు. చివరికి, "గట్ల జేస్తే మెత్తబడుతదన్నమాట," అన్నాడు. "మరి నాలుగో నంబరు?"

"అది అప్పటికే పెళుసైంది. నీ దెబ్బ జోరుగా పడి కాదు. ఎవరు కొట్టినా పగిలేదే. ఆ పొద్దు చలి గూడ ఉండె, చల్లగున్నప్పుడు ఇంకా తొందరగా ఇరుగుతది. నీ తప్పు లేదు."

ముత్యం కదల్లేదు. గంగవ్వ చేతిలో చాట ఆగిపోయింది.

"మల్ల చెప్పు," అన్నాడు.

మళ్ళీ చెప్పాను.

"గంగా, ఇంటున్నవా? మేడం, దానికి జెప్పు. దాని దిక్కు చూసి చెప్పు."

గంగవ్వ వైపు తిరిగి మూడోసారి చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మొగుడి వైపు చూడలేకపోయింది. మూడు వారాలుగా అతన్ని అన్న మాటలన్నీ ఆమెకు ఒక్కసారే గుర్తొచ్చాయేమో.

అక్కడితో లేచి రావచ్చు. రావాలనిపించింది కూడా. కానీ ముత్యం నన్నే చూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళు మిషన్లు విప్పిన మనిషి. ఎక్కడో ఒక బోల్టు ఇంకా మిగిలి ఉందని పట్టేశాడు.

"పెళుసైందని ఎప్పుడు తెల్సింది మీకు?"

"పోయినేడు ఫిబ్రవరిల ముక్క పంపిన్రు. నేనే కొలిచిన. అంకె ఎక్కువొచ్చింది."

"వస్తే?"

"రాయలేదు. తప్పైతే నవ్వుతరని భయపడ్డ."

పక్కింట్లో కుక్కరు విజిల్ వేసింది. మళ్ళీ వేసింది.

"అప్పుడే రాస్తే?" అడిగింది గంగవ్వ.

దీనికి నేను తయారుగా రాలేదు. బస్సులో గంటంపావు కూర్చుని ఎన్నో అనుకున్నాను, ఇది అనుకోలేదు. అయినా జవాబు ఒకటే ఉంది.

"అప్పుడే రాస్తే వేళ్ళు ఉండేవి."

గంగవ్వ చాట కింద పెట్టి బయటకు వెళ్ళిపోయింది. ముత్యం కళ్ళు మూసుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. కళ్ళు తెరవకుండానే మాట్లాడాడు.

"రేపు పదకొండు గొట్టంగ కాంట్రాక్టరు ఇక్కడికి వస్తడు. నాతోని పని చేసిన ఆరుగురు గూడ వస్తరు. ఇప్పుడు చెప్పింది వాళ్ళందరి ముంగట చెప్పాలె. నా తప్పు లేదన్నది ఒక్కటే గాదు. మొత్తం చెప్పాలె. వస్తవా?"

"వస్త."

"క్షమించిన అనుకోకు."

"అనుకోను."

"పో ఇగ."

గంగవ్వ గల్లీ చివర నల్లా దగ్గర నిలబడి ఉంది. నేను దాటిపోతుంటే తల తిప్పలేదు.

ఫిబ్రవరి 3, సోమవారం

సెలవు పెట్టాను. పదింపావుకే ఉన్‌లో బస్సు దిగాను.